పడవ మోటారు, మీ ప్రశ్నలు: నీళ్లు పడుతున్నా వేడెక్కుతోందంటే

చెన్నై కాశిమేడు ఫిషింగ్ హార్బర్ దగ్గర అవుట్‌బోర్డ్ మోటార్లు (పడవ వెనక బయటినుంచి బిగించేవి) బాగుచేసే తెలుగు మెకానిక్, పాఠకుల ప్రశ్నలకు ఇస్తున్న జవాబులు.

మే నెల చివరికొచ్చేసరికి నా షెడ్డు ముందు మోటార్లు వరస కడతాయి. ఏప్రిల్ 15న మొదలయ్యే వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. 15వ తేదీ తెల్లారేసరికి అందరూ నీళ్లమీద ఉండాలనుకుంటారు, కొందరికైతే 13వ తేదీనే మోటారు గుర్తొస్తుంది. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కూలింగ్ గురించే. మిగతావి వచ్చే సంచికకు ఉంచి, ముందు వీటి సంగతి చూద్దాం.

ప్రశ్న: అన్నా, మాది ఎన్నూరు. ఫైబర్ బోటు, 25 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ మోటారు. నిషేధం రోజుల్లో విప్పి ఇంటి దగ్గర పెట్టాం. మొన్న డ్రమ్ములో నీళ్లు పోసి స్టార్ట్ చేస్తే పక్కనుంచి ధార బ్రహ్మాండంగా పడింది. పావుగంట నడిపినా ఏ ఇబ్బందీ లేదు. ట్రయల్‌కని కాలువ సముద్రంలో కలిసే మొగ దాకా తీసుకెళ్లి రేస్ చేస్తే కాసేపటికి దానంతటదే స్పీడు తగ్గిపోయింది. చెయ్యి పెడితే కాలింది. ధార మాత్రం పడుతూనే ఉంది. నీళ్లు వస్తుంటే వేడెక్కడమేంటి?

జవాబు: తమ్ముడూ, ఆ ధారను నమ్మి చెడిన మోటార్లు నా షెడ్డులో చాలానే ఉన్నాయి. అది చెప్పేది ఒక్క ముక్కే: కింద పంపు నీళ్లు తోడుతోంది అని. ఆ నీళ్లు సిలిండర్ల చుట్టూ తిరిగి వేడి లాక్కుని బయటపడ్డాయా లేదా అన్నది అది చెప్పలేదు.

నీళ్లు పోయే దారి ఒకసారి చూడు. అడుగున ప్రొపెల్లర్ ఉండే గేర్‌కేసు పక్కన సన్న రంధ్రాల జాలీ ఉంటుంది, అక్కడ లోపలికి వెళ్తాయి. దానికి పైన డ్రైవ్‌షాఫ్ట్ మీద ఇంపెల్లర్ అనే రెక్కల రబ్బరు చక్రం తిరుగుతూ వాటిని ఒక పైపులోంచి పవర్‌హెడ్‌కి, అంటే పైనున్న ఇంజిన్‌కి ఎక్కిస్తుంది. సిలిండర్ల చుట్టూ ఉన్న ఇరుకు దారుల్లో తిరిగాక థర్మోస్టాట్ (వేడికి తెరుచుకునే వాల్వు) తెరుచుకుంటే దాన్ని దాటి, ఎగ్జాస్టుతో కలిసి కిందికి పోతాయి. చాలా మోటార్లలో పక్కన పడే ధారను థర్మోస్టాట్ దాకా పోకముందే మళ్లిస్తారు. థర్మోస్టాట్ మూసుకుని బిగుసుకుపోయినా ధార మాత్రం షోగ్గా పడుతూనే ఉంటుంది.

ఇక మీ డ్రమ్ము పరీక్ష. గేరు వేయకుండా ఐడ్లింగ్‌లో నడిపితే మోటారుకు లోడు లేదు, పుట్టే వేడీ తక్కువే. ఆ కాస్త వేడిని థర్మోస్టాట్‌ను దాటకుండా పక్కదారిన పోయే బైపాస్ నీళ్లే మోసుకుపోతాయి. సముద్రంలో మనుషులు, వల, ఐసు పెట్టెలతో నిండా థ్రాటిల్ ఇచ్చినప్పుడే అసలు బండారం బయటపడుతుంది. వేడి ఎప్పుడు వస్తోందో గమనిస్తే రోగం సగం దొరికినట్టే. నెమ్మదిగా నడిపితే వేడెక్కి, స్పీడు పెంచితే చల్లబడుతుంటే నా అనుమానం ఇంపెల్లర్ మీదికి పోతుంది. తక్కువ స్పీడులో దాని రెక్కలు గోడకు ఒరుసుకుంటేనే నీళ్లు ఎక్కుతాయి, అరిగినవి ఒరుసుకోవు. స్పీడులో ఎలాగూ రెక్కలు వంగిపోయి, తిరిగే ఊపుకే నీళ్లు ఎక్కుతాయి కాబట్టి అరుగుదల అంతగా కనబడదు. మీకు జరిగింది దీనికి రివర్సు: ఐడ్లింగ్‌లో బాగుంది, రేస్‌లో వేడెక్కింది. అంటే పెద్దమొత్తంలో నీళ్లు పోవలసిన చోట దారి మూసుకుంది.

నేనైతే ముందు కింద జాలీ చూస్తాను. ఎన్నూరు కాలువ అడుగున ఉన్నది ఒట్టి బురద కాదు, థర్మల్ స్టేషన్ల బూడిద కలిసిన బురద. పిండిలా ఉండి, తడిసి ఆరితే గట్టిపడుతుంది. రెండు నెలలు ఎండలో ఆరిన మోటారు జాలీలో సగం రంధ్రాలు పూడిపోయి ఉన్నా ఆశ్చర్యం లేదు. మేకుతో పొడవకు, పాత టూత్‌బ్రష్షు, నీళ్లు చాలు.

తర్వాత థర్మోస్టాట్. మీ మోటారు విషయంలో ఎక్కువ అనుమానం దీని మీదే. రెండు మూడు బోల్టులు విప్పితే చేతికొస్తుంది, కానీ ఉప్పు పట్టిన బోల్టును బలంగా తిప్పితే తల తెగి చేతికొస్తుంది. ముందురోజు రాత్రే నూనె స్ప్రే కొట్టి ఉంచి, పొద్దున కొంచెం బిగించి, తర్వాత వదులు చెయ్యి. బయటికి తీశాక వాల్వు మూతి కొద్దిగా తెరిచి దారప్పోగు ఒకటి ఇరికించు. ఆ దారం పట్టుకుని థర్మోస్టాట్‌ను గిన్నెలో నీళ్లలో వేలాడదియ్యి, అడుగుకు తగలకూడదు. పక్కనే థర్మామీటరు పెట్టి సన్నమంట మీద కాచు. వాల్వు తెరుచుకున్న క్షణాన దారం వదిలేసి థర్మోస్టాట్ టప్పున గిన్నెలో పడుతుంది. అప్పుడు థర్మామీటరు ఎంత చూపిస్తోందో అదీ లెక్క. మోడల్‌ను బట్టి దాదాపు 50 నుంచి 60 డిగ్రీల మధ్య తెరుచుకోవడం మొదలవ్వాలి, కచ్చితమైన అంకె మీ మోటారు పుస్తకంలో ఉంటుంది. 75 దాటినా వేలాడుతూనే ఉందంటే దాన్ని పారెయ్యి. కడిగితే మళ్లీ పనిచేస్తుందని ఎవరైనా చెప్పినా వినకు, కొత్తదాని ఖరీదు ఒక రోజు పెట్రోలు ఖర్చంత కూడా ఉండదు. అన్నట్టు, పోయినేడు ఒకాయన దీనికోసం ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు పట్టుకొచ్చాడు. అది 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది నాయనా, 100 దాకా ఉన్నది కావాలి.

థర్మోస్టాట్ బాగుంటే దాని దగ్గరే ఉండే ప్రెషర్ వాల్వు చూడు, అన్ని మోడళ్లకూ ఉండదు. ఉన్నవాటిలో స్ప్రింగు ఉప్పుతో పట్టేస్తే రేస్‌లో నీళ్లు చాలవు. అదీ బాగుందంటే లోపలి దారులే పూడాయి. ఇంట్లో గీజర్ కాయిల్ మీద పేరుకున్నట్టే సిలిండర్ల చుట్టూ తెల్లగా పొర కట్టేస్తుంది. ఆ పని ఇంటి దగ్గర పెట్టుకోకు, సిలిండర్ల మీది మూత, అంటే హెడ్ విప్పాలి. గాస్కెట్ కొత్తది వెయ్యాలి, బోల్టులు టార్క్ రెంచితో వరసక్రమంలో బిగించాలి. చేతి అందాజుతో బిగిస్తే హెడ్ వంకర పోతుంది.

ప్రశ్న: ఇదే ఇబ్బందికి మా ఊరి మేస్త్రీ థర్మోస్టాట్ పీకేసి మూత బిగించాడు. మన సముద్రం నీళ్లు చల్లగా ఉండవు కదా, ఇది తెల్లవాళ్ల దేశాలకే అన్నాడు. అప్పట్నుంచి మోటారు వేడెక్కడం లేదు. కానీ ఇంజిన్ ఆయిల్ తగ్గకపోగా పెరిగినట్టు కనిపిస్తోంది. ఇది మంచిదేనా? పులికాట్ నుంచి ఒక పాఠకుడు.

జవాబు: మంచిది కాదు. ఆ పెరిగింది ఆయిల్ కాదు, పెట్రోలు. డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి, మీకే తెలుస్తుంది.

మన తీరంలో నీళ్లు 28, 30 డిగ్రీలు ఉంటాయి. మనిషి ఒంటికి వెచ్చగా తోచవచ్చు, సిలిండరుకు మాత్రం అవి చన్నీళ్లే. థర్మోస్టాట్ లేకపోతే ఆ నీళ్లు ఆగకుండా పోతూ ఇంజిన్‌ను ఎప్పటికీ తన వేడికి రానివ్వవు. చల్లటి సిలిండరు గోడ మీద పెట్రోలు పూర్తిగా కాలదు, తడిగా జారి రింగుల సందుల్లోంచి కింద ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ పలచబడుతుంది, బేరింగులు అరుగుతాయి, ప్లగ్గులు నల్లగా మసిబారుతాయి. వేడెక్కి చెడే మోటారు ఒక్క పూటలో చెడుతుంది, ఇది రెండు సీజన్లు తీసుకుంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

మేస్త్రీ మాటలో సగం నిజం లేకపోలేదు. ఉప్పునీళ్లు 60, 65 డిగ్రీలు దాటి వేడెక్కితే లోపల పొర కట్టడం ఎక్కువవుతుంది. కారు థర్మోస్టాట్ 80 పైన తెరుచుకుంటుంది, సముద్రంలో తిరిగే మోటారుది అంతకంటే ముందే తెరుచుకునేలా పెట్టింది అందుకే. తయారుచేసినవాళ్లు ఉప్పు సంగతి ముందే ఆలోచించి ఆ అంకె పెట్టారు. మీరు కొత్త థర్మోస్టాట్, కొత్త గాస్కెట్ వేయించండి, ఆయిల్ మొత్తం దించి మార్చండి. పాత థర్మోస్టాట్ ఎందుకు పట్టేసిందో కూడా అడగండి. లోపల దారులు పూడి ఉంటే కొత్తది వేసిన వారానికే మళ్లీ నా దగ్గరికో ఆ మేస్త్రీ దగ్గరికో రావాలి.

ప్రశ్న: ఇంపెల్లర్ ఏటా మార్చాలంటారు. విప్పి చూస్తే రెక్కలన్నీ ఉన్నాయి, చిరుగు లేదు. దుకాణం వాడి మాటలు విని డబ్బు దండగ చేసుకోవాలా? చెన్నై దగ్గరి కోవళం నుంచి ఒక పాఠకుడు.

జవాబు: చిరుగు లేకపోవడం ఒక్కటే లెక్క కాదు సార్. ఇంపెల్లర్‌ను అరచేతిలో పెట్టుకుని చూడండి. రెక్కలు నిటారుగా నిలబడ్డాయా, అన్నీ ఒకవైపు వంగిపోయి అలాగే ఉండిపోయాయా? మోటారు ఆపేసి పెట్టిన రోజుల్లో కొన్ని రెక్కలు హౌసింగు గోడకు నొక్కుకుని ఉంటాయి. రెండు నెలలు అలా ఉంటే రబ్బరు ఆ వంపునే గుర్తు పెట్టుకుంటుంది. గోటితో రెక్క మొదట్లో నొక్కి వంచండి, సన్నని పగుళ్లు అక్కడ మొదలవుతాయి. రెక్క చివర నున్నగా అద్దంలా మెరుస్తుంటే నీళ్లు లేకుండా తిరిగిందని అర్థం. ఈ మూడింట్లో ఏది కనిపించినా మార్చేయండి. ఏదీ లేకపోయినా వేటకు రోజూ వెళ్లే మోటారుకు ఏటా మార్చడమే నా పద్ధతి. ఇసుక కలిసిన నీళ్లలో తిరిగేవాటికి హౌసింగు లోపలి స్టీలు కప్పు, కింద ప్లేటు కూడా చూడాలి. వాటిమీద గోరు తగులుకునేంత గీతలు పడితే కొత్త ఇంపెల్లర్ వేసినా నీళ్లు సరిగ్గా ఎక్కవు.

ఒక రెక్క విరిగిపోయి కనిపిస్తే కొత్తది బిగించేసి ఊరుకోవద్దు. ఆ ముక్క ఎక్కడికీ పోదు, పైపులోంచి పైకి వెళ్లి ఏదో ఒక ఇరుకులో కూర్చుంటుంది. దొరికిన ముక్కలన్నీ బల్లమీద పేర్చి పాత ఇంపెల్లర్ పూర్తయ్యిందా లేదా చూస్తాను నేను. పూర్తి కాకపోతే పైపు, థర్మోస్టాట్ గది కూడా వెతకాల్సిందే.

బిగించేటప్పుడు షాఫ్టు మీద చిన్న కీ ఉంటుంది, అది జారి పడిపోయినా పడినట్టు తెలియదు. కీ లేకపోతే షాఫ్టు తిరుగుతుంది, ఇంపెల్లర్ తిరగదు. రెక్కలకు సబ్బునీళ్లో గ్లిసరినో రాసి, షాఫ్టును పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ హౌసింగును మెల్లగా దించండి. ఎదురు తిప్పితే రెక్కలు అడ్డం తిరిగి మడతపడతాయి. ఇంజిన్ ఆయిల్ మాత్రం రాయకండి, రబ్బరు ఉబ్బొచ్చు.

ధర తక్కువని జార్జ్‌టౌన్ సందుల్లో డూప్లికేట్ కొనేవాళ్లున్నారు. మిగతా పార్టుల్లో నేనూ అంత పట్టింపు పెట్టుకోను, ఇంపెల్లర్, థర్మోస్టాట్ ఈ రెండింట్లో మాత్రం కంపెనీదే వేస్తాను.

ప్రశ్న: తమ్ముడూ, నాకు మోటారు సంగతులు తెలియవు. మా రాయపురంలో మా అబ్బాయి చిన్న బోటు మీద తోడుగా ఇంకొక్క పిల్లాడితో వెళ్తాడు. నడిసముద్రంలో మోటారు వేడెక్కి బజర్ మోగితే వాళ్లేం చెయ్యాలి? నాకు అదే టెన్షన్.

జవాబు: అక్కా, ఇది చదివి వాళ్లిద్దరికీ వినిపించండి. బజర్ మోగగానే థ్రాటిల్ తగ్గించి, గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి పక్కన ధార చూడాలి. ధార ఆగిపోయి ఉంటే వెంటనే ఆపేయాలి. మోటారు పైకి లేపి కింద జాలీ చూడాలి. ఎక్కువసార్లు అక్కడ దొరికేది ప్లాస్టిక్ కవరే. కూవం, అడయార్ నదుల మొగల దగ్గర వానలు పడ్డాక తేలే కవర్లు చూస్తే మీకే తెలుస్తుంది. కవరు తీసేసి, మోటారు దించి, కాసేపు ఆగి మళ్లీ స్టార్ట్ చేస్తే ధార వస్తుంది. ధార వచ్చి, చేతికి గోరువెచ్చగా తగిలితే నెమ్మదిగా ఒడ్డుకు రావచ్చు.

జాలీ శుభ్రంగానే ఉండి ధార రాకపోతే పదేపదే స్టార్ట్ చేయకూడదు. ఒకసారి స్టార్ట్ చేసి చూద్దాం, ఇంకోసారి చూద్దాం అంటూ పిస్టన్లు పట్టేసుకునే దాకా తెచ్చుకుంటారు కుర్రాళ్లు. లంగరు వేసి, ఫోను సిగ్నల్ ఉంటే పక్క బోటుకు చెప్పి ఆగడమే.

ఇంకొకటి గట్టిగా చెప్పండి. కాలిపోతున్న మోటారు మూత తీసి పైన సముద్రపు నీళ్లు కుమ్మరించకూడదు. మండే అల్యూమినియం మీద చన్నీళ్లు పడితే హెడ్ పగలొచ్చు, ఆ ఉప్పు వైర్లలోకి పోతుంది. మూత తెరిచి గాలికి వదిలేస్తే చాలు. చిన్న మోటార్లలో కొన్నింటికి బజరే ఉండదు, మీవాళ్ల మోటారుకు ఉందో లేదో ముందు అడగండి. లేకపోతే ధార మీద కన్నేసి ఉంచే పని రెండో పిల్లాడిది.

ప్రశ్న: వేట నుంచి రాగానే మంచినీళ్లతో ఫ్లష్ చేస్తున్నాం, అయినా లోపల తెల్లగా పేరుకుంది. ఎందుకని? తిరువొత్తియూరు నుంచి.

జవాబు: ఏ నీళ్లతో ఫ్లష్ చేస్తున్నారో రాయలేదు మీరు. తిరువొత్తియూరు అంటున్నారు కాబట్టి బోరు నీళ్లే అయి ఉంటాయి. ఉత్తర చెన్నైలో సముద్రం దగ్గరి బోర్లలో చాలావాటికి ఉప్పు ఎక్కింది. ఆ నీళ్లతో కడిగి మోటారు ఆరబెడితే ఒక ఉప్పు పోయి ఇంకో ఉప్పు వచ్చినట్టే. నాలుక మీద ఒక చుక్క వేసుకోండి, ఉప్పగా తగిలితే ఆ బోరు మోటారుకు పనికిరాదు. మెట్రో వాటర్ లారీ వచ్చినప్పుడు ఒక డ్రమ్ము మోటారు కోసం పక్కన పెట్టుకోండి. ఇంట్లో ఆడవాళ్లు తిడతారు, నిజమే. వానాకాలంలో డాబా మీది నీళ్లు పట్టి పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు, వాళ్ల మోటార్లే లోపల అన్నింటికంటే శుభ్రంగా ఉంటాయి.

డ్రమ్ములో జాలీ పూర్తిగా మునిగేలా పెట్టి, ఐడ్లింగ్‌లోనే పది పదిహేను నిమిషాలు నడపండి. థర్మోస్టాట్ తెరుచుకునేంత వేడి రాకపోతే అసలు గదుల్లోని ఉప్పు కదలదు, రెండు నిమిషాలు నడిపి ఆపేవాళ్లకు దక్కేది తృప్తి మాత్రమే. పొగ బయటికి పోయే చోట నడపండి, మూసిన షెడ్డులో వద్దు. పైపు తగిలించే ఫ్లషింగ్ పాయింటు ఉన్న మోటారైతే దాన్ని వాడేటప్పుడు చాలా మోడళ్లలో ఇంజిన్ ఆపే ఉంచాలి. ఇప్పటికే పేరుకున్న పొరకు వెనిగర్ కలిపిన నీళ్లు పనికొస్తాయి, పలచని పొరకే. తర్వాత మంచినీళ్లతో బాగా కడిగేయాలి. లోపల జింకు ముక్కలు (ఇంజిన్ లోహానికి బదులు తామే తరిగిపోయేవి) ఉన్న మోడలైతే అవి కూడా తీసి చూడండి, సగానికి పైగా తరిగిపోతే మార్చాలి. వాటికి రంగు వేయకండి, రంగు వేస్తే అవి ఉండి లేనట్టే.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, వేళచ్చేరిలో ఫ్లాటు. గాలి నింపే చిన్న బోటు, 5 హార్స్‌పవర్ మోటారు కొన్నాను. ఏడాదిగా బాల్కనీలో పడుకోబెట్టి ఉంది. నీళ్లలో దించే ముందు బాల్కనీలోనే ఒక్కసారి స్టార్ట్ చేసి చూసుకోవచ్చా?

జవాబు: వద్దు. నీళ్లు లేకుండా తిప్పితే ఇంపెల్లర్ పాడవడానికి కొన్ని సెకన్లు చాలు, పొగకు మీ పక్క ఫ్లాటువాళ్లు కూడా వస్తారు. ముందు ధార పడే రంధ్రం చూడండి. బాల్కనీల్లో మట్టిగూళ్లు కట్టే కందిరీగలకు ఆ రంధ్రమంటే మహా ఇష్టం. తంగూసు ముక్క ఒకటి మెల్లగా లోపలికి పోనిచ్చి మట్టి రాలగొట్టండి, ఇనప తీగ వద్దు. ఏడాదిగా ఒకే వంపులో ఉన్న ఇంపెల్లర్‌ను మార్పించేయండి, 5 హార్స్‌పవర్‌కు అదేం పెద్ద ఖర్చు కాదు. తర్వాత డ్రమ్ములో పెట్టి చూసి, అప్పుడు నీళ్లలోకి దించండి. మళ్లీ దాచేటప్పుడు పడుకోబెట్టకుండా స్టాండుకు నిలబెట్టండి, లోపల మిగిలిన నీళ్లు వాటంతటవే కారిపోతాయి.